పావులూరి మల్లనలు: ఒక కర్తృత్వవిచారము

చీరాలకుఁ బడమటిదెస, ఇంకొల్లు చేరువను పావులూరను గ్రామము కలదు. 2022వ సంవత్సరమునుండి యది బాపట్ల జిల్లాలోనిది. పూర్వమా ప్రాంతము కమ్మనాడను పేరఁ బరఁగెను. శాసనములలో దానికి కమ్మరాష్ట్రమనియు, కర్మరాష్ట్రమనియు వ్యవహారము కలదు. ఈ యూరి పేరే యింటిపేరుగాఁ గలిగిన మల్లన, తెలుఁగున నేఁటికి లభించిన గణితగ్రంథములలో మొదటిదానికిఁ గర్త. ఆ గ్రంథమునకు సారసంగ్రహగణితమని పేరు; లోకము దానిని పావులూరి గణితమనియే పిలిచినది. పద్యకావ్యములకుఁ దప్ప తక్కినవాని కంతగా స్థానమీయని సాహిత్యచరిత్రములలో సయితము ఈ గ్రంథమునకు నాలుగు వాక్యములైనను దొరకుచున్నవి. అయినను ఆ నాలుగు వాక్యములలోనే యొక చిక్కు దాఁగియున్నది.

గ్రంథకర్త పేరు మల్లన యనుటలో వివాదము లేదు. ఏ మల్లన యనుటలోనే వివాదము. తూర్పుచాళుక్యరాజగు రాజరాజనరేంద్రుఁడు పావులూరి మల్లనకు పీఠాపురమునకు సమీపముననున్న నవఖండవాడ యను గ్రామము నగ్రహారముగా నిచ్చెనని యీ గ్రంథసంబంధమైన పద్యమువలనఁ దెలియుచున్నది. ఆ గ్రామము నేఁటికిని పిఠాపురము చెంతనే కలదు. ఆ మల్లనకుఁ గొడుకు శివన్న. శివన్నకుఁ గొడుకు మరల మల్లన. తాతపేరు మనుమనికిఁ బెట్టుట తెలుఁగునాఁట నేఁటికిని చెల్లుచున్న యాచారమే. ఆ యాచారమే యిచట చరిత్రకారునకుఁ జిక్కు తెచ్చిపెట్టినది. అగ్రహారము పుచ్చుకొన్నవాఁడును మల్లనయే, గణితము రచించినవాఁడును మల్లనయే యగుటచే, ఇరువురు నొక్కఁడే యని కొందఱును, తాత దానగ్రహీత, మనుమఁడు గ్రంథకర్త యని కొందఱును దలంచిరి.

ఈ భేదమల్పమైనదిగాఁ దోఁపవచ్చును. ఫలితమును జూచిన నల్పము గాదు. రాజరాజనరేంద్రునకు 1022వ సంవత్సరమునఁ బట్టాభిషేకమయ్యెను; 1061 ప్రాంతమువఱకు నతఁడు రాజ్యము చేసెను. ఆంధ్రమహాభారతరచన కారంభమైనది యాతని యాస్థానముననే. నన్నయభట్టు రచించిన నందంపూఁడి శాసనము 1053వ సంవత్సరమునాఁటిది. అందు నారాయణభట్టునకు రాజిచ్చిన గ్రామదానము చెప్పఁబడినది. తాతయగు మల్లనయే గణితకర్తయైనచో, భారతమును గణితమును నొక్క రాజు నీడనే, ఒక్క తరముననే, పుట్టినవని చెప్పవలసియుండును. అపుడు నన్నయ పదములను, మల్లన పదములను సమకాలికములుగాఁ బోల్చి భాషాచరిత్రమును వ్రాయుదురు. మనుమఁడు కర్తయైనచో నా పోలిక యొక రెండు తరములు జరిగిపోవును. కావున పేరు నిర్ణయించుట యన్నను కాలము నిర్ణయించుట యన్నను నిచట నొక్కటియే.

సంస్కృతవ్యాకరణమున నిట్టి చిక్కునకుఁ దావు తక్కువ. పాణిని యపత్యార్థమునఁ బ్రత్యయములను విధించుచు, మనుమఁడు మొదలుకొని తరువాతి సంతానమునకు గోత్రమను సంజ్ఞ నిచ్చెను. గర్గుని కొడుకు గార్గి. గర్గుని మనుమఁడు గార్గ్యుఁడు. వంశమునందలి పెద్ద బ్రతికియుండఁగా, మనుమని సంతానమునకు యువసంజ్ఞ వేఱుగాఁ గలదు. అనఁగా ప్రత్యయమును జూచినంతనే యెవ్వఁ డెన్నవ తరమువాఁడో తెలియును. తెలుఁగు పేళ్ల కట్టి యుపకారము లేదు. మల్లన మనుమఁడును మల్లనయే. పేరునఁ దరము తెలుపు గుర్తేదియును లేదు. పావులూరివారి విషయమున నేర్పడిన వివాదమునకు మూలమిదియే. తిక్కనసోమయాజి పెత్తండ్రి కుమారునకును తిక్కన యనియే పేరుండుటచే, లోక మాతనిని ఖడ్గతిక్కన యని విశేషణముతో వేఱుపఱచినది. పావులూరి మల్లనలకు లోకమట్టి విశేషణము నీయలేదు.

కావ్యములలోఁ గృతికర్తలు వంశమును జెప్పుకొను రీతి నిచటఁ బరిశీలింపవలెను. మూలపురుషునితో నారంభించి, క్రమముగా దిగివచ్చి, తనయందు ముగించుట కవుల మర్యాద. వంశక్రమమున నెవ్వనితో నాగునో వాఁడు కర్తయగుట సహజము. దానపద్యమును మాత్రమే విడిగాఁ జదివినచోఁ దాతయే కర్తయని తోఁచును; దానిని మల్లన, శివన్న, మల్లన యను క్రమముతోఁ గలిపి చదివినచో, ఆ పద్యము వంశగౌరవమును జెప్పుటకే వచ్చినదనియు, కర్త కడపటి మల్లనయే యనియుఁ దేలును. తాతయే గ్రంథకర్తయైనచో, తన మనుమని పేరువఱకు వంశమును బొడిగించుట కవసరము కానరాదు. నేఁటి సాహిత్యచరిత్రకారులలోఁ బెక్కుమంది మనుమని పక్షమునే యవలంబించుచున్నారు.

గణితమును గుఱించిన యీ వివాదమును గణితముతోనే కొంత పరీక్షింపవచ్చును. దానమునకు ముందవధి 1022, కడపటి యవధి 1061. దానము పొందునప్పటికి తాత వయస్సు ముప్పదికిఁ దక్కువయుండదనియు, అఱువదికి మించదనియు, మనుమఁడు పుట్టునప్పటి కాతనికి ఏఁబది మొదలు అఱువది యేండ్లుండుననియు, మనుమఁడు నలువదియేండ్ల ప్రాయమున గ్రంథము రచించెననియు ననుకొందము. 1022లో దానము పొందినపుడు తాతకు ముప్పదియైనచో, ఆతని జన్మము 992. మనుమని జన్మము 1042, 1052ల నడుమ. గ్రంథము 1082, 1092ల నడుమ. 1061లో దానము పొందినపుడు తాతకు ముప్పదియైనచో, గ్రంథము 1121, 1131ల నడిమిది. 1061లోనే దానము పొంది యాతనికి అఱువది యైనచో, గ్రంథము 1091, 1101ల నడిమిది. 1022లోనే యఱువదియేండ్లవాఁడైనచో మాత్రము గ్రంథము 1052, 1062ల వఱకు వెనుకకుఁ బోవును; అపుడు తాతమనుమలిరువురును రాజరాజుకాలమువారే యగుదురు. కాని యది కడపటి మేర. తక్కిన లెక్కలన్నియు గ్రంథమును పదునొకొండవ శతాబ్ది కడపటి భాగమునకో, పండ్రెండవ శతాబ్ది మొదటి భాగమునకో చేర్చుచున్నవి. 1070లో చోళసింహాసన మెక్కిన కులోత్తుంగచోడుఁడు రాజరాజనరేంద్రుని కుమారుఁడు. కాఁబట్టి తాత తండ్రియగు రాజును, మనుమఁడు ఆ రాజు కొడుకును జూచియుందురని చెప్పుట కవకాశము మెండు.

ఈ కాలమునకు మఱియొక విషయమును బొసఁగుచున్నది. భాస్కరాచార్యుఁడు 1114లోఁ బుట్టి, 1150లో లీలావతిని రచించెను. భారతదేశమున గణితమును జెప్పుకొనువారి కది తరువాత నిత్యపాఠ్యమయ్యెను. మల్లన యాశ్రయించినది లీలావతి గాదు, మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. మహావీరుఁడు రాష్ట్రకూటచక్రవర్తియగు నమోఘవర్షనృపతుంగుని కాలమువాఁడు, జైనుఁడు. ఆతని గ్రంథము 850 ప్రాంతమునఁ బుట్టినది. అనఁగా లీలావతి యింకను లోకమునకు రాకమునుపు దక్షిణదేశమున నేది ప్రమాణగ్రంథమో, దానినే మల్లన తెలిఁగించెను. ఒక్క యీ హేతువుచేతనే కాలము తేలదు గాని, పై లెక్కకిది విరోధింపదు.

మహావీరుని గ్రంథము చిరకాలము తాళపత్రములలోనే యుండి, 1912వ సంవత్సరమున మద్రాసున రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో ముద్రితమయ్యెను. అందలి లెక్కలు వట్టి యంకెలు గావు, చిన్న కథలు. రాజకుటుంబమునకు సంబంధించిన యొక లెక్క యిట్లుండును. ఒక రాజు మామిడిపండ్లరాశిలో నాఱవపాలు తీసికొనెను. మిగిలినదానిలో నైదవపాలు రాణి తీసికొనెను. ఆపై మిగిలినదానిలో నాలవపాలు, ఆ మిగిలినదానిలో మూఁడవపాలు, ఆ మిగిలినదానిలో సగము, క్రమముగా ముగ్గురు రాజకుమారులు తీసికొనిరి. కడపటి చిన్నవానికి మూఁడు పండ్లు మిగిలెను. మొత్తము పండ్లెన్ని? వెనుకనుండి లెక్కించినచో సమాధానము సులభము. సగము తీయఁగా మూఁడు మిగిలెను గనుక నంతకుముం దాఱు. మూఁడవపాలు తీయఁగా నాఱు గనుక నంతకుముందు తొమ్మిది. ఇట్లే పండ్రెండు, పదునైదు, పదునెనిమిది. రాశి పదునెనిమిది. వినువారికిఁ బెద్దలందఱు నెక్కువ పాళ్లు తీసికొని, చిన్నవానికి మిగులుదలతో సరిపెట్టిరని తోఁచును. లెక్క విప్పినచో నాఱుగురికిని సమముగా మూఁడేసి పండ్లే వచ్చినవి. పాళ్లు వేఱు, ఫలము సమము. కుటుంబమున నన్యాయము జరిగినదన్న భ్రమను గణితము తొలఁగించుచున్నది.

మఱియొక లెక్క దంపతుల ప్రణయకలహమునకు సంబంధించినది. కలహమున నామె ముత్యాలహారము తెగెను. ముత్యములలో మూఁడవపాలు దాసిచెంతకుఁ జేరెను. ఆఱవపాలు శయ్యపైఁ బడెను. మిగిలినదానిలో సగము, మరల మిగిలినదానిలో సగము, ఇట్లాఱుమాఱులు నలుదెసలఁ జెదరెను. కడపట 1161 ముత్యములు మిగిలెను. మూఁడవపాలును నాఱవపాలును గలిసి సగము. మిగిలిన సగమును ఆఱుమాఱులు సగము చేసినచో, మొత్తమున నూటయిరువదియెనిమిదవపాలు. కాఁబట్టి 1161ని 128చే గుణింపఁగా, హారమున 1,48,608 ముత్యములుండెనని తేలును. అంత హార మేమెడయు ధరింపఁజాలదు. కాని శిష్యుఁడా యసంభవమును దలఁపక, కథను వినుచు లెక్క చేయును. గురువునకుఁ గావలసినదియు నంతియే. 142857143ను 7చే గుణింపఁగా 1000000001 వచ్చుట వంటి, ఇరువైపులనుండియుఁ జదువ నొక్కతీరుగా నుండు సంఖ్యలను మహావీరుఁడు కంఠాభరణములుగా వర్ణించెను. ఆతని దృష్టిలో హారము తెగుటయు, కూర్పఁబడుటయుఁ గూడ గణితమే.

ఈ రెండు లెక్కలలోను మార్గమొక్కటియే: మిగిలినదానినుండి మొదటిదానిని గనుఁగొనుట. శాస్త్రకారులు దీనిని శేషజాతి యందురు. కర్తృత్వవిచారమున చరిత్రకారుఁడు చేయుపనియు నిట్టిదే. కాలము పాలుపాలుగాఁ దీసికొనిపోఁగా మిగిలినవి కొన్ని పద్యములు, ఒక యింటిపేరు, రెండూళ్లు, మూఁడు పేళ్లు. వానినుండి యా కుటుంబమును బునర్నిర్మింపవలెను. శేషమును సరిగా నెంచనివానికి రాశి తప్పును. దానపద్యమును మాత్రమే శేషముగా నెంచి, వంశక్రమమును విడిచిన వారికిఁ దాతమనుమలొక్కఁడయిరి.

మల్లన మహావీరుని యనుసరించినను ఛాయవలె నడువలేదు. మూలమునందలి జైనపరమైన స్తుతులను, ఉదాహరణములను శైవపరముగా మార్చెను. శ్లోకములను వృత్తములుగా, కందములుగా, సీసములుగాఁ దెలిఁగించెను. సంస్కృతమున లెక్కను జెప్పుటకు శ్లోకమెంత యనుకూలమో, తెలుఁగున యతిప్రాసలతో లెక్కను జెప్పుట యంత కష్టము. యతిస్థానమున నక్షరము కుదురనిచో కవి మాట మార్చుకొనును. గణితకవి మాట మార్చినచో సంఖ్యయే మాఱిపోవును. దీనికి భూతసంఖ్యలు గొంత సాయము చేయును. చంద్రుఁడన్నను తుహినాంశుఁడన్నను నొకటే, శరమన్నను సాయకమన్నను నైదే, గిరియన్నను భూధరమన్నను నేడే, ఆకాశము సున్న. ప్రాసమున కొకటి, యతి కొకటి యెంచుకొనవచ్చును.

ఇట్టి రచనకుఁ బావులూరి గణితమునకుఁ జెందినదిగాఁ బ్రసిద్ధమైన చదరంగపుటిండ్ల పద్యమే సాక్ష్యము. మొదటి గడిలో నొకటి, రెండవగడిలో రెండు, మూఁడవగడిలో నాలుగు, ఇట్లఱువదినాలుగు గడులకు రెట్టించుచుఁ బోఁగా వచ్చు మొత్తమును ఆ పద్యము భూతసంఖ్యలతోఁ జెప్పును. అంకెలు కుడినుండి యెడమకు నడచునను నియమముచొప్పున విప్పఁగా వచ్చునది 18446744073709551615. ఈ సంఖ్యనే మధ్యాసియాకుఁ జెందిన పండితుఁడు అల్‌బిరూనీ పదునొకొండవ శతాబ్ద్యారంభమునకే గణించియుండెను. అటువైపు నరబ్బీభాషలోను, ఇటువైపు తెలుఁగుపద్యమునను నొక్క సంఖ్యయే యక్షరమైనను దప్పక నిలిచియుండుట గమనింపఁదగినది.

ఇచట గ్రంథపరిష్కర్త కొక గొప్ప సౌకర్యము గలదు. కావ్యమున వ్రాయసకాఁడు చేసిన తప్పును బట్టుటకు ఛందస్సును, అర్థౌచిత్యమును దప్ప వేఱు సాధనము లేదు. ఈ పద్యమునకు సంఖ్యయే సాధనము. అగ్నిశబ్దమునకు మాఱుగా అగ్రమని యెవ్వఁడైన వ్రాసినను ఛందస్సు చెడదు. ప్రౌఢపాఠమని యొకఁడు సమర్థింపనువచ్చును. కాని యగ్ని మూఁడు; అగ్రమన్న నా మూఁడుండదు. తొమ్మిదులు త్రోసివేయు పరీక్షచేఁ దప్పు బయటఁబడును. పై సంఖ్యయందలి యంకెలన్నియుఁ గూడిన 87. తొమ్మిదిచే భాగింపఁగా శేషమాఱు. ఇఁక రెండు నాఱుమాఱులు గుణించిన 64; తొమ్మిదిచే శేషమొకటి. అఱువదినాలుగుమాఱులన్న నాఱేసి చొప్పునఁ బదిమాఱులు పోఁగా నాలుగు మిగులును, రెండును నాలుగుమాఱులు గుణించిన 16, శేషమేడు. అందొకటి తీయఁగా నాఱు. రెండుమార్గములు నాఱుననే కలిసినవి. పాఠము శుద్ధము. వ్యాకరణపండితుఁడు శబ్దమును, గణితపండితుఁడు సంఖ్యను జూచి యొక్క పద్యమును నిర్ణయించుట కింతకంటె మంచి యుదాహరణము తెలుఁగున నరుదు.

భాస్కరాచార్యుని విషయమునను ఒక కుటుంబకథ ప్రచారమునఁ గలదు. ఆతని కూఁతురు లీలావతియనియు, ఆమె వివాహముహూర్తమును దెలుపు ఘటికాయంత్రమున నామె యాభరణమునుండి యొక ముత్యము రాలి రంధ్రమును మూసెననియు, ముహూర్తము తప్పిపోఁగా దుఃఖితుఁడైన తండ్రి యామె పేర గ్రంథము రచించెననియు నా కథ. అక్బరుని యాస్థానకవియగు ఫైజీ 1587లో లీలావతిని పారసీకమునకు మార్చుచుఁ బీఠికలో దీనిని వ్రాసెను. గ్రంథమునకును కథకును నడుమ నాలుగువందల యేండ్లకు మించిన వ్యవధి. కథ మనోహరమే, ప్రమాణము దుర్బలము. పావులూరివారి విషయమున నిట్టి మనోహరకథ లేదు. దానికి బదులు దానగ్రహీతయగు తాత, నడుమ శివన్న, తాతపేరి మనుమఁడు, కమ్మనాటనొకయూరు, పీఠాపురము చెంతనొకయూరు గలవు. ఇవి యల్పములైనను గ్రంథపరంపరలోనివే గనుక బలవత్తరములు.

ఈ గణితము పండితుల తాళపత్రములలో మాత్రమే నిలిచినది గాదు. పల్లెలలో కరణములకు నేల కొలుచుటయు, ధాన్యము కొలుచుటయు, వడ్డి కట్టుటయు నిత్యకృత్యములు. కుంచమునకు నాలుగు మానికలు, తూమునకు నాలుగు కుంచములు, పుట్టి కిరువది తూములు; అనఁగా పుట్టికి మూఁడువందలయిరువది మానికలు. ఇట్టి కొలఁతలతో బ్రతుకువానికి సంస్కృతశ్లోకముకంటెఁ దెలుఁగుపద్యము నోటికిఁ దొందరగా వచ్చును. దశాంశమానము వచ్చి యా కొలఁతలు పోయినవి. 1984లో కరణీకములును రద్దయినవి. దానితో నీ పద్యములను వృత్తిధర్మముగా వల్లించువారు లేకపోయిరి. ఇఁక నీ గ్రంథమును నిలుపవలసినవారు పాఠశాలలవారును, పరిశోధకులునే.

వేటూరి ప్రభాకరశాస్త్రిగారు (1888–1950) పరిష్కరించిన ప్రథమభాగము తిరుపతిలో ముద్రితమై, పండితులకు దారి చూపినది. అయినను గణితము తెలిసినవారికి ఛందోబద్ధమైన యీ భాష దుర్గమము. భాష తెలిసినవారికి శేషజాతి, క్షేత్రవ్యవహారము దుర్గమములు. ఇరువురి నడుమను గ్రంథ మనాథమై పడియున్నది. తెలుఁగుపండితుఁడు పద్యమును విప్పి చెప్పఁగా, లెక్కల యుపాధ్యాయుఁడు దానిని నల్లబల్లపై సాధించినచో, ఒక్క గంటలో నిరువురి శిష్యులకును రెండు శాస్త్రములు తెలియును. మామిడిపండ్ల లెక్క యెనిమిదవతరగతి బాలురకైనను సాధ్యమే.

కర్తృత్వవిషయమునఁ దేలినదిది. దానము పొందినవాఁడు తాత. గ్రంథము రచించినవాఁడు మనుమఁడని చెప్పుటయే వంశక్రమమునకును, కృతికర్తల మర్యాదకును, తరముల లెక్కకును సరిపడుచున్నది. దీనిచే పావులూరి గణితము నన్నయకు సమకాలిక మన్న గౌరవమును గోల్పోవచ్చును. కాని యా గౌరవ మెరువు సొమ్ము. అది నన్నయది, రాజరాజుది. దాని సొంత సొమ్ము వేఱు. మనుమని రచనయని యొప్పుకొన్నను, తెలుఁగున లభించిన శాస్త్రగ్రంథములలో మొదటిదను స్థానము దానికిఁ జెదరదు. తిక్కనకు నూఱేండ్లకుఁ బైఁగా ముందే తెలుఁగుభాష లెక్కను మోయఁగలదని నిరూపించిన కీర్తియుఁ జెదరదు. తాత కగ్రహారము, మనుమనికి గ్రంథము. మామిడిపండ్ల లెక్కలోవలె, ఎవ్వరి పాలు వారి కిచ్చినచో నెవ్వరికిని దక్కువ కాలేదు.